యాక్సిలరేటర్ తొక్కితే వణికే కారు: బ్లూటూత్ ఓబీడీ రీడర్ ఎంతవరకు పనికొస్తుంది?

యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినప్పుడు మాత్రమే వణికి, కాలు తీయగానే మామూలైపోయే కారులో లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి, చవకగా దొరికే బ్లూటూత్ ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలను, లోపాల కోడ్‌లను ఫోన్‌కు పంపే చిన్న పరికరం) ఏ మేరకు సాయపడుతుందో పరిశీలించడం ఈ సమీక్ష ఉద్దేశం. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. ఈ పరికరం వణుకును కొలవదు, వణుకుతున్న భాగం పేరు చెప్పదు. అయితే లోపం ఇంజిన్‌లో ఉందా, లేక ఇంజిన్ శక్తిని చక్రాలకు చేరవేసే భాగాల్లో ఉందా అన్న మొదటి ప్రశ్నకు, కారు విప్పకుండానే నమ్మదగిన జవాబు ఇవ్వగలదు. ఆ జవాబు లేకుండా పని మొదలుపెట్టడం వల్లనే చాలామంది ప్లగ్‌లు, వాటికి వోల్టేజీ అందించే కాయిళ్లు, ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే మౌంటింగ్‌లు, టైర్లు ఒకదాని తర్వాత ఒకటి మార్పించుకుంటూ పోతారు, వణుకు మాత్రం అలాగే ఉంటుంది.

నేను దీనిని వాడి చూసింది నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్, మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న ఒక ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు మీద. మూడో గేరులో గంటకు 40 నుంచి 70 కిలోమీటర్ల మధ్య, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు పూర్తిగా యాక్సిలరేటర్ ఇస్తే బండి ముందు భాగం పక్కలకు ఊగుతున్నట్టు అదిరేది. స్టీరింగ్‌లో కన్నా కాళ్ల కింద నేలలోనే అదురు ఎక్కువగా తెలిసేది. చెక్ ఇంజిన్ లైటు ఎన్నడూ వెలగలేదు, వీల్ బ్యాలెన్సింగ్ చేయించినా తేడా రాలేదు. అన్ని వేగాల్లోనూ కాక, కొంత వేగం దాటాక వచ్చి, యాక్సిలరేటర్ మీద కాలు ఉన్నా లేకపోయినా కొనసాగే వణుకైతే టైర్లను, రిమ్ములను అనుమానించాలి. కాలు తీయగానే పోయే వణుకుకు బ్యాలెన్సింగ్ మందు కాదు.

ఇక పరికరం సంగతి. మార్కెట్లో దొరికే చవక రీడర్లలో అత్యధిక భాగం ఈఎల్ఎం327 అనే చిప్‌ను అనుకరించేవే. కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తయారు చేసిన ఆ చిప్ తొలి వెర్షన్‌లో, లోపలి ప్రోగ్రామును కాపీ చేయకుండా అడ్డుకునే రక్షణ లేకపోవడంతో నకళ్లు విపరీతంగా పుట్టుకొచ్చాయి. 2022లో అసలు సంస్థ మూతపడినా నకళ్ల అమ్మకం ఆగలేదు. నా చేతిలో ఉన్నదీ ఊరూపేరూ లేని అలాంటి నకలే. డ్యాష్‌బోర్డు కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో దీనిని గుచ్చి, ఫోన్‌లోని యాప్‌తో జత చేస్తే సరిపోతుంది. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, ఐరోపా సమాఖ్యలో పెట్రోలు కార్లకు 2001 నుంచి, డీజిలు కార్లకు 2004 నుంచి ఈ వ్యవస్థ తప్పనిసరి కావడం వల్ల, ఆ తర్వాత వచ్చిన కార్లలో చాలావాటికి ఒకే రీడర్ పనికొస్తుంది.

మొదట ఇంజిన్‌ను పరీక్షించాను. మెకానిక్‌లు మిస్సింగ్ అని పిలిచే లోపం, అంటే ఏదో ఒక సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడే బయటపడడానికి ఒక కారణం ఉంది. భారం పెరిగినకొద్దీ సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో ప్లగ్ కొనల మధ్య నిప్పురవ్వ దూకడానికి మరింత వోల్టేజీ కావాలి. ఐడిల్‌లో నిక్షేపంగా పనిచేసే బలహీనమైన కాయిల్, గ్యాప్ పెరిగిన ప్లగ్ సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తాయి. ఇంజిన్ కంప్యూటర్ ఈ లోపాన్ని క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) సెన్సర్ ద్వారా పసిగడుతుంది. ఒక సిలిండర్ మండనప్పుడు షాఫ్ట్ తిరిగే వేగం క్షణకాలం తగ్గుతుంది, ఆ తగ్గుదలను లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఆ లెక్క పరిమితి దాటితే పీ0300 లేదా ఫలానా సిలిండర్‌ను సూచించే పీ0301, పీ0302 వంటి కోడ్ నమోదవుతుంది. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దెబ్బతినేంత తీవ్రంగా మిస్సింగ్ ఉంటే చెక్ ఇంజిన్ లైటు ఆగి ఆగి మెరుస్తుంది. అలా మెరుస్తున్నప్పుడు యాక్సిలరేటర్ తగ్గించి నడపడం తప్ప పరీక్షల జోలికి పోకూడదు.

లైటు వెలగకపోతే ఇంజిన్ బాగున్నట్టేనా? కాదు. పరిమితి దాటని మిస్సింగ్ కూడా వణుకు పుట్టించగలదు. ఈ రీడర్ తన విలువను నిరూపించుకునేది ఇక్కడే. క్యాన్ అనే సమాచార పద్ధతిలో రీడర్‌తో మాట్లాడే కార్లలో, కంప్యూటర్ తనను తాను పరీక్షించుకున్న ఫలితాలు ఉండే మోడ్ 06 అనే విభాగం ఉంటుంది. అందులో ప్రతి సిలిండర్‌కూ విడివిడిగా ప్రస్తుత ప్రయాణంలో ఎన్నిసార్లు మిస్సింగ్ వచ్చిందో, గత పది డ్రైవింగ్ సైకిళ్ల సగటు ఎంతో కనిపిస్తుంది. చాలా యాప్‌లు ఈ పేజీని మెనూల అడుగున ఎక్కడో దాచేస్తాయి, కొన్నయితే అర్థం కాని సంకేతాల రూపంలోనే చూపిస్తాయి. పైకి రంగురంగుల మీటర్లు చూపించి, అసలు పనికొచ్చే అంకెలను దాచే ఈ అలవాటు యాప్‌ల తయారీదారులకు ఎందుకు వచ్చిందో తెలియదు. నా కారులో ఎత్తు ఎక్కించి, వణుకు బాగా వచ్చిన వెంటనే ఈ పేజీ తెరిస్తే నాలుగు సిలిండర్లకూ సున్నాలే కనిపించాయి. ఇంధనం పాళ్లను కంప్యూటర్ ఎంత సవరిస్తోందో తెలిపే ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు కూడా సున్నాకు దగ్గరలోనే ఉన్నాయి. భారం మీద అవి పది శాతానికి మించి పైకి పోయి ఉంటే ఫ్యూయల్ ఫిల్టర్‌నో పంపునో చూడవలసి వచ్చేది. ఒక జాగ్రత్త చెప్పాలి: బాగా గతుకుల రోడ్డు మీద చక్రాల కుదుపు కూడా క్రాంక్‌షాఫ్ట్ దాకా చేరుతుంది కనుక, కొన్ని కార్లలో కంప్యూటర్ ఆ సమయంలో మిస్సింగ్ లెక్కింపును నిలిపివేస్తుంది. అందుచేత ఈ పరీక్ష నున్నటి రోడ్డు మీదే చేయాలి. పరీక్ష పూర్తికాకముందే కోడ్‌లు చెరిపేసే మీట నొక్కితే, లోపం నమోదైన క్షణంలోని ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు), భారం, ఉష్ణోగ్రత వివరాలు కూడా పోతాయి. మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు కోడ్ చెరిపి వెళ్లడమంటే సాక్ష్యాన్ని మన చేత్తో మనమే తుడిచేయడం.

తర్వాతి పరీక్షకు కావలసినవి ఆర్‌పీఎం, వేగం అనే రెండు అంకెలు మాత్రమే. వాటిని రికార్డు చేసే సదుపాయం దాదాపు అన్ని యాప్‌లలోనూ ఉంది. డ్రైవర్ ఫోన్ చూడకూడదు కనుక రికార్డు చేసి తర్వాత చూసుకోవడమో, పక్క సీటులో ఒకరిని కూర్చోబెట్టుకోవడమో చేయాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మూడో గేరులో పూర్తిగా యాక్సిలరేటర్ ఇచ్చి వణుకును గమనించాలి, తర్వాత అదే వేగంలో నాలుగో గేరులో అదే పని చేయాలి. నా కారులో మొదటి సందర్భంలో ఆర్‌పీఎం సుమారు 2800, రెండో సందర్భంలో సుమారు 2100. వణుకు ఇంజిన్‌దో, దాని మౌంటింగ్‌దో అయితే ఆర్‌పీఎంతో పాటే మారాలి, నాలుగో గేరులో అది మరో వేగానికి జరగాలి. నా కారులో జరగలేదు. రెండు గేర్లలోనూ అదే వేగాల మధ్య వచ్చింది, నాలుగో గేరులో కాస్త మెత్తబడింది. మెత్తబడడం సహజమే, ఎందుకంటే పై గేరులో చక్రాలకు చేరే టార్క్, అంటే తిప్పే బలం, తక్కువ. అదే వేగంలో గేరు తీసి న్యూట్రల్‌లో బండిని దొర్లనిస్తే వణుకు పూర్తిగా మాయమైంది. అంటే వణుకు చక్రాల వేగాన్ని అనుసరిస్తోంది, కానీ టార్క్ ఉన్నప్పుడే పుడుతోంది. ఈ రెండు లక్షణాలూ కలిసేది గేర్‌బాక్స్ నుంచి చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్ట్‌లలో.

కారు ఆపి న్యూట్రల్‌లో ఇంజిన్‌ను రేజ్ చేసి చూడమని కొందరు చెబుతారు. అది సగం పరీక్ష మాత్రమే. అలా రేజ్ చేసినప్పుడు ఇంజిన్ మీద భారం ఉండదు కనుక మౌంటింగ్ లోపం బయటపడకపోవచ్చు, భారం మీద మాత్రమే వచ్చే మిస్సింగ్ కూడా తప్పించుకుంటుంది. గేర్లు మార్చి అదే వేగంలో పోల్చే పద్ధతే మేలు.

రీడర్ స్వయంగా వణుకును ఎందుకు చూపలేదన్నది దాని అంకెల స్వభావంలోనే ఉంది. వేగాన్ని ఓబీడీ వ్యవస్థ ఒకే బైట్‌లో, సున్నా నుంచి 255 వరకు పూర్ణాంకాలుగానే పంపుతుంది. ఆర్‌పీఎం పావు వంతు వరకు సూక్ష్మంగా వచ్చినా, చవక రీడర్ దానిని సెకనుకు కొన్నిసార్లు మించి అడగలేదు. సెకనుకు ఇరవై ముప్పై సార్లు జరిగే అదురు ఆ సందుల్లోంచి జారిపోతుంది. అందుకే దీనికి తోడుగా ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ (కదలికను పసిగట్టే సెన్సర్)తో పనిచేసే ఏదైనా వైబ్రేషన్ యాప్ వాడాలని నా సిఫారసు. రీడర్ ఇచ్చిన వేగాన్నీ యాప్ చూపిన హెర్ట్జ్‌నూ (సెకనుకు ఎన్ని అదుర్లో తెలిపే అంకె) పక్కపక్కన పెడితే చిన్న లెక్కతో చాలా తెలుస్తుంది.

ఆ లెక్క ఇది. 185/65 ఆర్15 టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు, అంటే చక్రం సెకనుకు సుమారు ఎనిమిదిన్నర సార్లు తిరుగుతుంది. చక్రం బ్యాలెన్స్ తప్పితే అదురు ఎనిమిదిన్నర హెర్ట్జ్ దగ్గర కనిపించాలి. 2800 ఆర్‌పీఎంలో ఇంజిన్ సెకనుకు దాదాపు 47 సార్లు తిరుగుతుంది, నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ప్రతి చుట్టుకూ రెండు పేలుళ్లు కనుక మండే లయ 93 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. నా ఫోన్ గ్రాఫ్‌లో అదురు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న శిఖరం ఈ మూడింటిలో ఏదీ కాదు. మూడో గేరులోనూ నాలుగో గేరులోనూ అది 26 హెర్ట్జ్ పరిసరాల్లోనే నిలిచింది, అంటే చక్రం ఒక చుట్టు తిరిగేలోగా మూడు అదుర్లు. ఫోన్‌ను చేతిలో పట్టుకున్నా, అయస్కాంతం స్టాండుకు తగిలించినా ఈ అంకె నమ్మదగినది కాదు, ఎందుకంటే స్టాండు తన సొంత ఊపును కలుపుతుంది. సీటు జరిగే ఇనుప పట్టా దగ్గర నేలకు ఆనించి కదలకుండా బిగించాలి. ఫోన్ సెకనుకు వంద సార్లు కొలిస్తే యాభై హెర్ట్జ్‌కు మించిన అదుర్లను అది సరిగా చూపలేదని కూడా గుర్తుంచుకోవాలి.

చుట్టుకు మూడు అనగానే గుర్తుకు రావలసింది ఇన్నర్ సీవీ జాయింట్, అంటే డ్రైవ్ షాఫ్ట్ వంగి కూడా తిరగగలిగేలా దాని లోపలి కొనకు ఉండే కీలు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో గేర్‌బాక్స్ వైపు ఉండే జాయింట్ ఎక్కువగా ట్రైపాడ్ రకానిది. షాఫ్ట్ కొనకు మూడు చేతులు, ప్రతి చేతికీ ఒక రోలర్, ఆ రోలర్లు జారడానికి గిన్నె లాంటి కవచంలో మూడు దారులు ఉంటాయి. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు షాఫ్ట్ పొడవులో వచ్చే తేడాను ఈ జారుడు సర్దుతుంది. షాఫ్ట్ వంపుగా ఉండి దాని మీద టార్క్ పడినప్పుడు రోలర్లు దారుల్లో రాపిడితో కదులుతాయి, ఆ రాపిడి నుంచి షాఫ్ట్ పొడవునా ఒక తోపుడు పుడుతుంది, మూడు రోలర్లు కనుక చుట్టుకు మూడుసార్లు. కొత్త జాయింట్‌లో ఇది మనిషికి తెలియనంత స్వల్పం. దారులు అరిగితే తోపుడు పెరిగి ఇంజిన్‌ను, దానితోపాటు బండి ముందు భాగాన్ని పక్కలకు నెడుతుంది. కాలు తీయగానే టార్క్ పోతుంది, తోపుడూ పోతుంది. చక్రం వైపు ఉండే అవుటర్ జాయింట్ నిర్మాణం వేరు. అది అరిగితే మలుపు తిప్పుతున్నప్పుడు టకటక శబ్దం చేస్తుంది తప్ప తిన్నటి దారిలో ఇలా ఊపదు. ఈ రెండింటినీ కలిపి సీవీ జాయింట్ అనేయడం వల్ల, శబ్దం రావడం లేదు కనుక జాయింట్ బాగుందని తేల్చేసే మెకానిక్‌లు లేకపోలేదు.

బండిని లిఫ్ట్ మీద ఎత్తించి చూస్తే రబ్బరు బూట్లు చిరగలేదు, గ్రీజు బయటికి రాలేదు. బూటు బాగుందంటే జాయింట్ బాగున్నట్టు కాదు. షాఫ్ట్ లోపలికీ బయటికీ కదలడం దాని స్వభావమే కనుక ఆ కదలికను లోపంగా లెక్కించకూడదు, పైకీ కిందికీ పట్టి ఊపితే వచ్చే లూజును, మెలితిప్పితే వచ్చే ఖాళీని చూడాలి. నా కారులో కుడివైపు షాఫ్ట్‌లో అది స్పష్టంగా ఉంది. విప్పాక బూటు జరిపి గ్రీజు తుడిస్తే, ఒకే దారిన బండ్లు నడిచి నడిచి నేలలో గాడి పడినట్టు రోలర్ దారుల్లో ముందుకు వెళ్లే దిశలో భారం పడే వైపు మాత్రమే వేలికి తగిలేంత గాడి కనిపించింది. కుడా ఎడమా అన్నది రీడర్ గానీ, ఫోన్ గానీ చెప్పలేదు, చెప్పలేవు కూడా.

ఈ దశలో కొత్త గ్రీజు నింపి కొత్త బూటు వేస్తే చాలనే సలహా వినిపిస్తుంది. గాడి పడిన లోహాన్ని గ్రీజు పూడ్చలేదు కనుక ఆ ఖర్చు కొద్దికాలపు ఊరట కోసమే. ఇన్నర్ జాయింట్ విడిగా దొరికితే అదొక్కటే, దొరక్కపోతే మొత్తం షాఫ్ట్ మార్చాలి. పాత షాఫ్ట్‌ను బాగుచేసి అమ్మే రకాల్లో అరిగిన కవచాన్నే నునుపు చేసి తిరిగి వాడినవి ఉంటాయి. వాటిలో ఖాళీ మొదటినుంచే ఎక్కువగా ఉండి అదే వణుకు మళ్లీ రావచ్చు, కాబట్టి కొనేముందు కవచం కొత్తదో కాదో అడిగి తెలుసుకోవాలి. బిగింపులో పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. షాఫ్ట్ లాగేటప్పుడు గేర్‌బాక్స్ ఆయిల్ కారుతుంది కనుక సీలు చూసి, ఆయిల్ మళ్లీ నింపాలి. లోపలి కొన క్లిప్పు టిక్కుమని కూర్చున్నదని లాగి నిర్ధారించుకోవాలి. హబ్ నట్ కొత్తది వేసి, ఆ కారు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు టార్క్ రెంచితోనే బిగించాలి. ఆ నట్ బిగించకముందే బండి బరువు చక్రం మీద మోపితే వీల్ బేరింగ్ పాడయ్యే ప్రమాదం ఉంది. ఇంజిన్ మౌంటింగ్‌లను కూడా అదే సమయంలో చూడడం మంచిది. మౌంటింగ్ కుంగితే ఇంజిన్ కిందికి దిగి షాఫ్ట్ వంపు మారుతుంది, వంపు పెరిగితే ట్రైపాడ్ తోపుడూ పెరుగుతుంది. సస్పెన్షన్ ఎత్తు పెంచిన కార్లలో కొత్త షాఫ్ట్ వేసినా కొంత వణుకు మిగిలేది ఇందుకే.

షాఫ్ట్ మార్చాక అదే రోడ్డు మీద, అదే గేర్లలో, అదే వేగంలో రికార్డింగ్ మళ్లీ చేశాను. 26 హెర్ట్జ్ శిఖరం పోయింది. ఎనిమిదిన్నర దగ్గర టైర్లకు సంబంధించిన చిన్న గుర్తు మాత్రం మిగిలింది, అది కూర్చున్నవారికి తెలిసేంతది కాదు. బాగుచేసిన తర్వాత ఫలితాన్ని మెకానిక్ మాట మీద కాక అంకెల మీద తేల్చుకోగలగడం ఈ పరికరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం.

అన్ని కార్లలోనూ ఇది ఇంత బాగా పనిచేస్తుందని చెప్పను. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపే టార్క్ కన్వర్టర్ లాకప్ క్లచ్ జారుతున్నప్పుడు, యాక్సిలరేటర్ తేలికగా నొక్కి ఉంచిన స్థితిలో, రోడ్డు మీది వరుస గీతల మీదుగా పోతున్నట్టు క్షణకాలం గరగరలాడే వణుకు వస్తుంది. దానిని తేల్చడానికి క్లచ్ జారే వేగం చూడాలి, ఆ అంకె తయారీదారు సొంత కోడ్‌లలో ఉంటుంది కనుక సాధారణ యాప్‌లలో చాలావరకు కనిపించదు. యాక్సిలరేటర్ కదపకుండా బ్రేకును తేలికగా తాకితే లాకప్ విడిపోయి వణుకు ఆగుతుందా అని చూడడం రీడర్ కన్నా త్వరగా దారి చూపుతుంది. లాకప్ విడిన క్షణంలో ఆర్‌పీఎం కొద్దిగా ఎగబాకడం మాత్రం రికార్డింగ్‌లో కనిపిస్తుంది. రియర్ వీల్ డ్రైవ్ కార్లలో గేర్‌బాక్స్ నుంచి వెనుక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ యూనివర్సల్ జాయింట్ లోపాలు షాఫ్ట్ చుట్టుకు రెండుసార్లు అదురుతాయి కనుక లెక్కలో డిఫరెన్షియల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరిగేలోగా ఆ షాఫ్ట్ తిరిగే చుట్లు) కలపాలి. బండి కదిలే తొలి క్షణాల్లో మాత్రమే వచ్చే క్లచ్ అదురుకు ఈ పరికరంతో పనే లేదు.

కొనదలచినవారికి మూడు మాటలు. ఐఫోన్ వాడేవారు మామూలు బ్లూటూత్ నకలు కొంటే అది జత కాదు, బ్లూటూత్ ఎల్‌ఈ లేదా వైఫై రకం తీసుకోవాలి. డబ్బా మీద ముద్రించిన వెర్షన్ అంకెను పట్టించుకోనక్కరలేదు, నకళ్లలో చాలావాటికి ఆ వెర్షన్‌లో ఉండవలసిన కమాండ్లు పూర్తిగా ఉండవు. మోడ్ 06 చదవగలుగుతోందో లేదో తిరిగి ఇచ్చే గడువులోగా చూసుకుంటే చాలు. సాకెట్‌లోని 16వ పిన్నుకు తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది, పైగా చవక రకాల్లో పాస్‌వర్డ్ ఉన్నా లేనట్టే కాబట్టి, పని అయ్యాక రీడర్‌ను పీకి పక్కన పెట్టాలి.